నిచ్చెన బండి గృహప్రవేశం

ప్రియమైన చెల్లి లోటీకి,

మీ అక్క ఐరీన్ ఆశీస్సులతో రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. తడిసినవాళ్ళందరూ ఆరిపోయారు, ఫాదర్ జెరోమ్‌కి జలుబు తగ్గింది. మఠంలో నువ్వూ, మిగతా సిస్టర్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అక్కడ నిన్ను సిస్టర్ బెనెడిక్టా అని పిలుస్తారని తెలుసు గానీ, చిన్నప్పుడు నీకు జడలు వేసింది నేను. నాకు నువ్వు లోటీవే.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. అమ్మ నాటిన లైలాక్ మొక్క చలికి చావలేదు, మొగ్గ తొడిగింది. బ్లీనీ అట్లకి ఆలుగడ్డ తురుములో ఉల్లిపాయ వేస్తున్నాను, వేస్తూనే ఉంటాను. వేయకూడదన్న మీ వంటింటి సిస్టర్‌కి నా నమస్కారాలు మాత్రం చెప్పు. ఇక "బావ ఇంకా ఆ నిచ్చెన ఎక్కుతున్నాడా? దిగాలని తొమ్మిది రోజుల ప్రార్థన మొదలుపెట్టాను" అని రాశావు. దిగాడే! నీ ప్రార్థన ఫలించింది. కానీ దేవుడు ఆ వరం ఇచ్చిన తీరు చెప్పాలంటే ఉత్తరం కాస్త పొడుగవుతుంది.

ఫైరింజన్లుండే మన హోసీలో మీ బావ పని నీకు తెలిసిందే. ఫైరింజన్ వాళ్ళన్న పేరే గానీ మా ఊళ్ళో ఎవరికీ జీతం లేదు, బత్తెం లేదు. సైరన్ మోగిందంటే సూపు గిన్నె ముందు నుంచి లేచి రోడ్డు దాటి హోసీలోకి పరిగెత్తడమే. నిచ్చెన ఆకాశంలోకి లేచాక దాని కొసకెక్కి, నడుముకి బెల్టు బిగించుకుని, నాజిల్ పట్టుకుని మంటల మీదికి నీళ్ళు కొట్టేది మీ బావ. మా పెళ్ళినాటి నుంచీ అంతే. మంట దగ్గర "క్లెమ్ ఎక్కడ?" అని అడిగితే జనం పక్కకి చూడరు, తలెత్తి పైకి చూస్తారు.

ఇప్పుడు కొత్త నిచ్చెన బండి వచ్చింది. దీని కొసన మనిషి అక్కర్లేదు. కింద ఒకళ్ళు మెడలో చిన్న పెట్టె తగిలించుకుని, దాని మీదున్న పుల్లని అటూ ఇటూ నెడితే పైన నాజిల్ తల తిప్పుతుంది. ఒక బొత్తాం నొక్కితే ధార, ఇంకోటి నొక్కితే జల్లు. ఈ సంగతి చీఫ్ రాల్ఫ్ మీటింగులో చెప్పగానే మీ బావ హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాడట.

"అయితే ఇక నేనెందుకు? ఆ పెట్టెకే హెల్మెట్ పెట్టండి!"

"అదేంటి క్లెమ్! కిందుండి నువ్వే నడుపు."

"కిందుండి నీళ్ళు కొట్టడానికి నేనేమన్నా తోటమాలినా?"

ఇంటికొచ్చి వరండాలో కూర్చున్నాడు. మా వరండా హోసీకి సరిగ్గా ఎదురు కదా, కుర్చీని తిప్పి దానికి వీపు పెట్టి మరీ కూర్చున్నాడు. కొత్తల్లుడు అలిగితే బతిమాలడానికి ఇంటిల్లిపాదీ ఉంటారు. డెబ్భై దగ్గరపడ్డ మొగుడు అలిగితే పెళ్ళాం తప్ప దిక్కెవరు? పేపరు తలకిందులుగా పట్టుకుని చదివేవాడు. పక్కింటి పిల్లితో మాట్లాడేవాడు గానీ నాతో కాదు. అంతవరకూ నవ్వులాటగానే ఉండేది. కానీ సైరన్ మోగినప్పుడు ఆయన కాళ్ళు వాటంతటవే బూట్ల వైపు జరిగి, మళ్ళీ ఆగిపోయేవి. అది చూడలేకపోయేదాన్ని లోటీ. మనిషి నిచ్చెన దిగాడని సంతోషించాలో, కుర్చీలో కూలబడిపోతున్నాడని ఏడవాలో తెలియలేదు. ఈ కుర్చీలో ఒక శీతాకాలం గడిస్తే ఇక లేవడనిపించింది.

ఇంతలో బండి గృహప్రవేశం వచ్చింది. ఊరంతా వచ్చారు, బ్యాండు మేళం వచ్చింది. ఆచారం ప్రకారం ఫాదర్ బండిని దీవించాలి, దాంతో తొలి నీళ్ళు కొట్టించాలి, ఆ తర్వాత ఇంజను ఆపి అందరూ కలిసి చేతులతో నెట్టి లోపల పెట్టాలి. ఆడవాళ్ళు పిరోగీ కుడుములు చేసి అమ్మిన డబ్బు లేకపోతే ఈ బండే లేదని, ఆడవాళ్ళ సంఘం పెద్దగా తొలి నీళ్ళు నన్ను కొట్టమన్నాడు రాల్ఫ్. ఏప్రన్ మీదే పెట్టె తగిలించాడు. నేను రోడ్డుకి వీపు పెట్టి, బండికి ఎదురుగా, మనిషితో మాట్లాడుతున్నట్టు నిలబడ్డాను. నిచ్చెన రోడ్డు వైపు వంగి, నాజిల్ నా మొహంలోకే చూస్తోంది. నాకు ఎడమ పక్కన వాగు ఒడ్డు ఖాళీ స్థలం, నీళ్ళు అక్కడ కొట్టాలి. కుడి పక్కన ఫాదర్ జెరోమ్, ఆయన వెనక బ్యాండు.

ధార బొత్తాం నొక్కి, పుల్లని ఎడమకి నెట్టాను. నాజిల్ కుడికి తిరిగింది.

ఎదురెదురుగా నిలబడ్డాం కదే! దాని ఎడమ నాకు కుడి. ఆ గాభరాలో అంత ఆలోచన ఎక్కడ తడుతుంది? ఫాదర్ దాని మీద నాలుగు చుక్కలు పవిత్ర జలం చల్లారు. అది బాకీ ఉంచుకోలేదు. పుస్తకం, టోపీ, ఫాదర్ అన్నీ తడిసి ఏకమయ్యాయి.

"ఐరీన్! ఎడమకి! ఎడమకి తిప్పు!" అని రాల్ఫ్ కేకలు.

"ఎడమకే కదయ్యా నెడుతున్నది! నీ బండికే ఎడమేదో తెలీదు!"

నెట్టినకొద్దీ అది ఇంకా కుడికి పోయింది. బ్యాండులో ఆ పెద్ద బూర వాయించేవాడు పాపం ఊదడం ఆపలేదు. బూర నిండింది. అప్పుడు వచ్చిన శబ్దం గురించి మఠానికి రాయకూడదు.

ఆ తర్వాత నాజిల్ ఇటు తిరిగి, తల పైకెత్తి, నా మీదుగా రోడ్డు దాటించి మా వరండా మీద కొట్టింది. పేపరు, పిల్లి, వరండా దీపం, మీ బావ, దేన్నీ వదల్లేదు. దీపం పగిలింది, పిల్లి ఎటో పోయింది. మీ బావ మాత్రం కుర్చీలోంచి లేచి, తడి స్లిప్పర్లు టపటపలాడించుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు.

"పుల్ల వదులు! వదులు ముందు! అదేమన్నా చీపురనుకున్నావా?"

వదిలాను. నా భుజాలు పట్టుకుని గిర్రున తిప్పి బండికి వీపు పెట్టించాడు.

"ఇలా నిలబడు. ఇప్పుడు నువ్వూ అదీ ఒకే వైపు చూస్తున్నారు. దాని ఎడమ నీ ఎడమే. నాజిల్‌ని చూడకు, నీళ్ళు పడే చోటు చూడు."

"ఈ పెట్టె నువ్వెప్పుడూ ముట్టుకోనే లేదు, నీకెలా తెలుసు?"

"పెట్టె సంగతి నాకేం తెలుసు? పెళ్ళైన దగ్గర్నుంచీ నాజిల్ చూసిన వైపే కదా నేనూ చూసింది!"

నా చేతి మీద తన చెయ్యి వేసి కుడికి నెట్టాడు. నీళ్ళు బుద్ధిగా ఖాళీ స్థలంలో పడ్డాయి. అంతే, ఇక నోరు ఆగలేదు. "రాల్ఫ్, ఒత్తిడి తగ్గించు, కొస ఊగుతోంది! కొట్టేవాణ్ణి బండికి ఎదురుగా నిలబెట్టే వెధవ ఎవడు?" అని అందర్నీ తిట్టాడు. బండిని లోపలికి నెట్టేటప్పుడు అందరికంటే ముందు చెయ్యి వేసింది ఆయనే, అదీ స్లిప్పర్లతో.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఫాదర్‌తో చెప్పుకోవాల్సిన పాపం, కానీ తడిసింది ఆయనే కాబట్టి నీతో చెబుతున్నాను. ఫాదర్ విషయం పొరపాటు. బూరా పొరపాటే. వరండా పొరపాటు కాదు. బూర నిండేసరికి నాకు కుడి ఎడమల కిటుకు అర్థమైపోయింది. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డవతల ఆ కుర్చీ వీపు కనిపించింది. ఇంత గొడవ జరుగుతుంటే తల తిప్పి చూడడే! ఒళ్ళు మండింది. గురి చూసి కొట్టాను.

ఇంకోటి కూడా ఉంది. పోయిన చలికాలం ఫర్నిచర్ కొట్టు తగలబడ్డప్పుడు నిచ్చెన మెట్ల మీద మంచు గడ్డకట్టింది. మీ బావ కాలు జారింది. బెల్టు పట్టుకుని గాల్లో వేలాడాడు లోటీ. నేను కింద కాఫీ ఫ్లాస్కు పట్టుకుని చూస్తున్నాను. పైకెక్కి నవ్వి చెయ్యూపాడు గానీ, నా గుండె ఆ రోజు నుంచీ అక్కడే వేలాడుతోంది. మర్నాడు రాల్ఫ్ దగ్గరికెళ్ళి, "కొసన మనిషి అక్కర్లేని బండి కొంటానంటేనే మేం పిరోగీలు చేస్తాం, లేదంటే పొయ్యి వెలిగించం" అన్నాను. ఆ నాజిల్ తెప్పించింది నేనే. మీ బావకి చెప్పే ధైర్యం లేకపోయింది.

గృహప్రవేశం మర్నాడు పొద్దున రేడియేటర్ మీద స్లిప్పర్లు ఆరబెట్టుకుంటూ ఆయనే మొదలుపెట్టాడు.

"ఐరీన్, ఫాదర్ పొరపాటు. బూర పొరపాటు. వరండా మాత్రం గురి."

నేను కాఫీలో చక్కెర కలుపుతూనే ఉన్నాను. నేను చక్కెర వేసుకోనని నీకు తెలుసు.

"ఆ నాజిల్ కూడా నీ గురేనా?"

అవునన్నాను. అరుస్తాడనుకున్నాను. స్లిప్పరు తిరగేసి పెట్టాడు.

"ఆ రోజు జారాక, ఎక్కిన ప్రతిసారీ బెల్టు మళ్ళీ మళ్ళీ తడిమి చూసుకునేవాణ్ణి. కింద అందరూ తలెత్తి నన్నే చూస్తుంటే, భయమేస్తోంది దిగుతానని ఎవరితో అనేది?" అన్నాడు. ఆ తర్వాత, "ఇంత ఆలస్యం చేశావేం? ముందే తడపాల్సింది," అన్నాడు.

ఏడ్చాననుకో. ఆయనా ఏడ్చాడు గానీ తడి ఇంకా ఆరలేదన్నాడు.

ఇప్పుడు రోజూ సాయంత్రం హోసీ ముందు అందర్నీ బండికి వీపు పెట్టించి, పెట్టె నడపడం నేర్పుతున్నాడు. హెల్మెట్ పెట్టుకునే నేర్పుతున్నాడు. వచ్చే నెల ఫాదర్ మీ మఠానికి వస్తారట, వరండా సంగతి మాత్రం నీ కడుపులోనే ఉంచుకో.

ఆ ప్రార్థన మాత్రం ఆపకు తల్లీ. నేనిది రాస్తుంటే, నేను పగలగొట్టిన వరండా దీపం బిగిస్తానని మీ బావ వంటింటి నిచ్చెన ఎక్కాడు. కింద పట్టుకుంటానంటే, "నువ్వు దూరంగా ఉండు, నీ గురి నాకు తెలుసు" అంటున్నాడు. ఉత్తరం ఇక్కడితో ఆపి, వెళ్ళి పట్టుకుంటాను.

ఇట్లు,
పశ్చాత్తాపం ఎంత వెతికినా దొరకని
మీ అక్క ఐరీన్