అదే పేజీలో సవరణ

నారాయణగూడ,
22 జూన్ 2012, శుక్రవారం.

గౌరవనీయులైన విద్యాసాగర్ సార్‌కి,

సిటీ డెస్క్ నుంచి నర్మద నమస్కరించి రాస్తున్నాను. హన్మకొండలో మీ తమ్ముడిగారి గృహప్రవేశం చక్కగా జరిగిందని, ఇంటిల్లిపాదీ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా బాగున్నాం. మీరు సెలవు మీద వెళ్తూ వారం రోజులు సిటీ పేజీ నాకు అప్పగించారు కదా, అప్పటి నుంచి కరుణాకర్ నన్ను ఇన్‌చార్జి మేడం అని ఏడిపించుకు తింటున్నాడు. పక్క కుర్చీలో కూర్చునే మనిషి, నేను రాగానే లేచి దండం పెడుతున్నాడు.

ఫోన్ చేయొచ్చుగా అంటారు. చేస్తే మీరు నా మాట పూర్తి కానివ్వరు, మంగళవారం చూశాను కదా. పైగా ఏదున్నా రాసివ్వమని నేర్పింది మీరే. అందుకే ఇది రాసి మీ టేబుల్ మీద పెడుతున్నాను. సోమవారం రాగానే దయచేసి ముందు ఇదే చదవండి.

విషయం మాసయ్యది. పోయిన వారం అశోక్‌నగర్‌లో కడుతున్న ఇంటి దగ్గర నీళ్ల మోటారు కనబడలేదని, పోలీసులు అక్కడ పనిచేసే కూలీని తీసుకెళ్లి అడిగారు. ఆ కూలీయే మాసయ్య. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉంటున్నాడు. కేసు లేదు, అరెస్టు లేదు. అందుకని నేను దిద్దిన వార్తలో పోలీసులు ఒక కూలీని ప్రశ్నిస్తున్నారని మాత్రమే ఉంది. రిపోర్టర్ ఇచ్చిన పేరు కూడా తీసేశాను. తెల్లారి పేపరు చూస్తే 'మోటారు దొంగ దొరికాడు' అని శీర్షిక, కింద మాసయ్య పేరు, ఊరు పేరు. ఆ మధ్యాహ్నమే అసలు సంగతి తెలిసింది. ఇంటాయన బావమరిది ఎవరికీ చెప్పకుండా మోటారును రిపేరుకు తీసుకెళ్లాడట. పోలీసులు మాసయ్యను ఇంటికి పంపేశారు.

శీర్షిక ఎవరు మార్చారని నేను అడగడం లేదు. 'అనుమానితుడు' సింగిల్ కాలమ్‌లో పట్టదు కాబట్టి మార్చాల్సి వచ్చిందని డెస్కులో అనుకున్నారు. నిజమే, పట్టదు. 'దొంగ' అయితే భేషుగ్గా పడుతుంది, ఇంకా చోటు మిగులుతుంది కూడా.

సార్, శిక్షణలో మీరు మా కాపీలను చీల్చి చెండాడిన రోజులు నాకు బాగా గుర్తు. ఎవరు నోరు తెరిచినా 'వెల్లడించారు' అని రాస్తుంటే, వాళ్లు ఏం దాచుకున్నారయ్యా వెల్లడించడానికి, 'చెప్పారు' అని ఏడవండి అన్నారు. 'పలువురు' అని రాస్తే, లెక్కపెట్టడానికి బద్ధకమా అన్నారు. మేం నవ్వుకున్నాం. కానీ కోర్టు తేల్చేదాకా ఎవరినీ దొంగ అనకూడదని చెప్పినప్పుడు మాత్రం మీరు మమ్మల్ని నవ్వనివ్వలేదు. తప్పు ఏ పేజీలో పడితే సవరణ ఆ పేజీలోనే పడాలని బల్ల గుద్ది చెప్పారు. ఈ ఉద్యోగం మీద నాకు ప్రేమ పుట్టింది ఆ రోజే.

మొన్న సోమవారం మాసయ్య భార్య మాసమ్మ ఆ పేపరు ముక్క పట్టుకుని మన గేటు దగ్గరికి వచ్చింది. కూలీలు పని కోసం నిలబడే చిక్కడపల్లి అడ్డా మీద ఎవరో ఆ వార్త చదివి అందరికీ వినిపించారట. అప్పటి నుంచి మేస్త్రీలు ఆయన్ని వదిలేసి పక్కవాళ్లను పిలుస్తున్నారు. సామాన్లన్నీ బయటనే ఉంటయి గదమ్మా, దొంగని పేపర్ల పడ్డోన్ని ఎవరు పనికి రానిస్తరు అంది. పోనీ కొన్నాళ్లు ఊరికి వెళ్లకూడదా అన్నాను. ఊరి పేరు సుత రాస్తిరి, యాడికి పోవాలె అంది.

మర్నాడు మీకు ఫోన్ చేశాను. ఏడో పేజీలో టెండర్ల ప్రకటనల కింద, ఒక వార్తలో దొర్లిన పొరపాటుకు చింతిస్తున్నామని రెండు లైన్లు వేసెయ్యమన్నారు. ఆ రెండు లైన్లూ పేజీలో పెట్టకముందే కవాడిగూడ వెళ్లి మాసమ్మకు చదివి వినిపించాను. ఇందుల మా ఆయన పేరేది అని అడిగింది. చింత పడుతున్నది ఎవరు, మీరా మేమా అని కూడా అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను సార్.

నేను వేయాలనుకుంటున్న సవరణ ఇది:

"ఈ నెల 14న ఇదే పేజీలో 'మోటారు దొంగ దొరికాడు' అని రాశాం. అది తప్పు. మాసయ్య దొంగతనం చేయలేదు. ఆయన మీద కేసు లేదు. అసలు దొంగతనమే జరగలేదు. డెస్కులో చేసిన తప్పుకు మాసయ్యకు క్షమాపణ చెబుతున్నాం."

ఇందులో 'దొర్లిన' అనే మాట రాయలేదు. పొరపాట్లు వాటంతటవి దొర్లవు, మనం చేస్తాం.

జర ఆగు నర్మదా, సార్ వచ్చినంక అయితది, నువ్వెందుకు పరేషాన్ అయితవ్ అంటున్నాడు కరుణాకర్. అతను నా మంచికే చెబుతున్నాడు. ఉద్యోగం పోతే హాస్టల్‌కి కట్టడానికి నా దగ్గరేం లేదని అతనికి తెలుసు. కానీ నేను ఆగిన ప్రతి రోజూ అక్కడ ఒక మనిషికి పని దొరకడం లేదు. సవరణకు మీ అనుమతి కోరుతున్నాను. కాదంటే ఎందుకు కాదో రాసివ్వండి. అది చదివాక ఇక్కడ ఉండాలో వద్దో నేను తేల్చుకుంటాను.

ఇంట్లో పెద్దలకు నా నమస్కారాలు చెప్పండి.

మీ దగ్గర పని నేర్చుకున్న,
నర్మద

తా.క.: పైన అనుమతి అడిగింది మర్యాద కోసం. సవరణ నిన్ననే పేజీలో పెట్టి పంపేశాను. ఇవాళ్టి పేపర్లో, ఆ వార్త పడిన చోటే వచ్చింది. పొద్దున పేపరు తీసుకుని చిక్కడపల్లి అడ్డాకు వెళ్లాను. ఒక మేస్త్రీ గట్టిగా చదివాడు. మాసయ్య ఇంకోసారి చదవమన్నాడు. ఇవాళ కూడా ఆయన్ని ఎవరూ పనికి పిలవలేదు. రేపు మళ్లీ వెళ్తాను.

శీర్షిక మార్చి పేరు చేర్చింది మీరేనని నాకు మొదటి రోజే తెలుసు. సవరణలో మీ పేరు రాయలేదు. కానీ తనను దొంగ అని రాసిన సారును ఒక్కసారి చూపించమని మాసయ్య అడిగాడు. సోమవారం పదింటికి ఆయన్ని ఆఫీసుకు తీసుకొస్తున్నాను. ఆయనకు ఏం చెబుతారో మీరే ఆలోచించుకోండి.