తొమ్మిదో గడి

అక్కకు నీ చెల్లెలి నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను అని రాయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు. మందులు మానేసి మూడు నెలలైందని నీ ఉత్తరం చివర ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. నువ్వు కూడబలుక్కుని చదువుకునేలా అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఇది ఎవరిచేతా చదివించుకోకు.

వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. నేను టైపు చేసిపెట్టే లాయరమ్మ తన డబ్బాలో సగం నా ముందుకు తోసి, "తినవే, నువ్వు చిక్కితే నా అర్జీలు కూడా నీరసంగా ఉంటాయి" అంటుంది. నీకు హెచ్.ఐ.వి. ఉన్న సంగతి మా ఆఫీసులో తెలుసా అనీ అడిగావు. తెలుసు. ఎవరూ నా నీళ్ల గ్లాసు విడిగా పెట్టలేదు.

ఇక విచారణ సంగతి. ఈ జబ్బు ఉందని, వైద్యం ఖర్చు భరించే ఆరోగ్య కార్డు ఇవ్వకపోవడం అన్యాయమని నీతో కలిపి పదకొండు మంది తరఫున వేసిన అర్జీ సోమవారం కమిటీ ముందుకు వచ్చింది. పదకొండు మంది అన్నది పేరుకే. వాళ్లలో ఒకడైన వ్యాను డ్రైవరు కిడ్నీలకు వైద్యం అందక గత నెల చనిపోయాడు. అతని కుర్చీలో భార్య వచ్చి కూర్చుంది.

కమిటీ పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటూ, "ఫారంలో తొమ్మిదో గడిలో జబ్బుందని వీళ్లే రాసుకున్నారు కదమ్మా. రూలు ప్రకారం ఇవ్వకూడదు" అన్నాడు.

"లేదని రాసి ఉంటే?" అంది లాయరమ్మ.

"అబద్ధం రాశారని రద్దు చేసేవాళ్లం."

డ్రైవరు భార్య లేచి నిలబడింది. "అయితే అయ్యా, మా ఆయన ఏం రాస్తే బతికేవాడో చెప్పండి."

ఆయన కాగితాలు సర్దుకున్నాడు. తర్వాత నీ ఫారం తీశాడు. "ఇక్కడ వేలిముద్ర ఉంది. మరి ఇది నింపిందెవరు?"

నేను లేచాను. అందరి ముందూ ఒప్పుకున్నది నీకు ఇంకా చెప్పకుండా దాచలేను.

అక్కా, నీ జబ్బు సంగతి ఆసుపత్రి నర్సు ఎవరికీ చెప్పలేదు. ఫారంలో నేనే రాశాను. అప్పటికి నీకు అక్షరాలు రావు. ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. ఫారమంటే పరీక్ష పేపరే అనుకున్నాను. ఏ గడీ ఖాళీ వదలకూడదు, తప్పు రాయకూడదు. జబ్బు పేరు గుండ్రని అక్షరాలతో రాసి మురిసిపోయాను కూడా. "ఏం రాశావే?" అని నువ్వడిగితే, "నీకర్థం కాదులే, వేలు ఇలా పెట్టు" అన్నాను.

ఆ ఫారం మీ కుట్టు ఫ్యాక్టరీ ఆఫీసు మీదుగానే వెళ్లింది. అక్కడ చదివారు. నీ మిషను మూలకు జరిపింది అందుకే. ఆ మాట చేరవేసింది నర్సేనని నువ్వు ఆసుపత్రి వరండాలో ఆమెను నానా మాటలూ అంటుంటే, నేను నీ పక్కనే నేల చూస్తూ నిలబడ్డాను. ఆమె ముఖం చూడటం ఇష్టం లేకే నువ్వు ఆ గడప తొక్కడం మానేశావు.

తీర్పు రెండు నెలలకు వాయిదా వేశారు. గెలుస్తామో లేదో తెలియదు. గెలిచి కార్డు వచ్చినా, మందులు లేని ఒంటికి, నీకు కావలసిన గర్భసంచి ఆపరేషన్ చెయ్యలేమని డాక్టరు ముందే చెప్పాడు కదా.

నర్సుకూ ఉత్తరం రాశాను. జవాబు రాలేదు, వస్తుందనీ అనుకోను. కానీ నువ్వు తిట్టిన రోజున కూడా ఆమె మాత్రల డబ్బా నీ సంచిలో పెట్టే పంపింది. ఇప్పుడు మాత్రం ఇవ్వనంటుందా? రేపు పొద్దున్నే వెళ్లు.

నా మీద కోపమొస్తే ఉత్తరాలు మానెయ్యి. మందులు మానకు.

ఇట్లు,
నీ చెల్లెలు