మా ఇంటి గూండాకు

తూత్తుకుడి,
ఆదివారం.

చిరంజీవి ఇసక్కిముత్తును అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ నీ చెల్లెలు ఉలగమ్మాళూ ఒంట్లో బాగానే ఉన్నాం. జైల్లో ఉన్నవాణ్ణి ఎలా ఉన్నావని అడగడానికి సిగ్గేస్తోంది, అయినా అడుగుతున్నాను. ఈ ఉత్తరం నీకంటే ముందు జైలువాళ్లు చదువుతారట. చదవనీ.

నిన్ను గూండా అంటూ కలెక్టరు ఇచ్చిన నిర్బంధ ఉత్తర్వు పన్నెండు పేజీలూ చదివాను. చదివి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఉప్పు మడుల్లో తాగే నీళ్లు అడిగి మీరు పదకొండు మంది లారీలకు అడ్డంగా కూర్చుంటే, నువ్వు కత్తి తిప్పావట, చేపల బజారులో జనం భయపడి పరుగులు పెట్టారట. ఆ రోజు అమావాస్య, ఇళ్లల్లో ఎవరూ నీచు ముట్టరు. చేపలు కొనడానికి ఎవడొచ్చాడని, పరిగెత్తడానికి? ఇది రాసినవాడు మన ఊళ్లో ఒక్క పూటైనా అన్నం తిన్నాడా అని నా అనుమానం.

నేరం చేశానో లేదో తేల్చకుండానే ఏడాది పాటు లోపల ఎలా పెడతారని అడిగావు. మన లాయరు శంకరేశ్వరిని నేనూ అదే అడిగాను.

"ఇది చేసినదానికి శిక్ష కాదమ్మా. చేస్తాడేమోనని ముందే లోపలెయ్యడం."

"మరి మనకంటూ ఏమీ లేదా?"

"ఎందుకు లేదు? కారణాలు వాడికి తెలిసిన భాషలో, కాయితాల నకళ్లు చదవగలిగేలా ఇవ్వాలి. మన అర్జీని జాప్యం లేకుండా చూడాలి. వాణ్ణి లోపల ఉంచడం సబబో కాదో మూడు నెలల్లోగా సలహా బోర్డు తేల్చాలి. ఏది తప్పినా హైకోర్టు కొట్టేస్తుంది."

"వాడి చేతిలో కత్తి లేదని చెప్పొద్దా?"

"చెప్పుకోవచ్చు. కానీ కోర్టు ఎక్కువగా కాయితాలే చూస్తుందమ్మా."

థూ అనిపించింది. నా కొడుకు ఎలాంటివాడో ఎవడికీ అక్కర్లేదు, జిరాక్సు సరిగా పడిందా లేదా అన్నదే కావాలి.

ఇంతసేపూ వాళ్లను తిడుతూ అసలు సంగతి వెనక్కి నెట్టాను. ఈ ఉత్తర్వుకు ముందు, లారీల కేసులో మిమ్మల్ని పట్టుకెళ్లినప్పుడు, బెయిలు అడగొద్దు, పదకొండు మందిమీ కలిసే వస్తామన్నావు. నాకు మనసు ఆగలేదు. నీకు చెప్పకుండా వేరే లాయరు చేత నీ ఒక్కడికే పిటిషను వేయించాను. జైల్లో ఉన్నవాడి మీద ఈ ఉత్తర్వు వెయ్యాలంటే, వాడు బయటికొచ్చేలా ఉన్నాడని చూపాలట. అడగనివాడు ఎలా వస్తాడు? మిగతా పదిమంది మీద ఇది పడలేదు. పదకొండో పేజీ చూడు: "బెయిలు కోరాడు, విడుదల కావచ్చు." మొత్తంలో నిజమైన మాట అదొక్కటే, దాన్ని వాళ్లకు అందించింది నేను.

"ఆ పిటిషనే లేకపోతే ఒక్క వాయిదాలో కొట్టించేదాన్ని" అని శంకరేశ్వరి తల పట్టుకుంది. వాళ్లంటే అసహ్యం సరే, నా మొహం నాకే చూడబుద్ధి కావడం లేదు.

గురువారం బోర్డు ముందుకు లాయరు రాకూడదట, తెలిసినవాళ్లు ఒకరు రావచ్చట. నన్ను రమ్మన్నావు. ఇది చదివాక కూడా నేనే కావాలనిపిస్తే జైలరుకు నా పేరివ్వు. లేకపోతే మీ ఉప్పు కూలీల సంఘం పెద్ద తవసిముత్తు పేరివ్వు. నేను గేటు బయట నిలబడతాను.

ఇట్లు,
నీ మాట వినని
అమ్మ, పేచ్చియమ్మాళ్.