బరువైన ఫ్లైవీల్

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అజ్మాన్ షెడ్డులో నీ పికప్‌కి వేరే ఇంజిన్ ఎక్కిస్తున్నారు. అది ఆటోమేటిక్ కారులోది కాబట్టి మన గేరుబాక్సుకి పనికొచ్చే ఫ్లైవీల్, ఇంజిన్ వెనక తిరిగే ఆ ఇనప చక్రం, దానికి లేదు. మెకానిక్ కరీం మామ రెండు తెచ్చాడు, ఒకటి తేలికది, ఒకటి బరువుది. రెండూ సరిపోతాయి. ఎల్లుండి నుంచి నాన్నే ఆ బండిని రాస్ అల్ ఖైమా క్వారీకి తోలతాడు.

"తేలికది వేద్దాం అన్నా, బండి ఉరుకుతాది. యల్లా, కానిద్దాం!" అన్నాడు మామ. నాన్న తలూపాడు.

నువ్వు నీ ఫ్లైవీల్‌ని లేత్ మీద అరగదీయించి తేలిక చేయించిన రోజే నాకు తెలుసు. చక్రం మరీ తేలికైతే, లోడుతో ఎత్తు మీద బండి కదిలేటప్పుడు ఇంజిన్ ఆగిపోతుందని ఇంజిన్ల పుస్తకంలో చదివాను. నువ్వు నవ్వుతావని చెప్పలేదు. ఆ క్వారీ ఎత్తు మీదే నీ బండి ఆగి, వెనక్కి దొర్లింది.

"బరువుది వెయ్యండి," అన్నాను.

"కాన్వెంటు మేస్త్రీ వచ్చిందబ్బా!" అని మామ నవ్వాడు.

నాన్న నవ్వలేదు. "ఎందుకమ్మా?" అన్నాడు.

చెప్పాను. నాకు అప్పుడే తెలుసని కూడా చెప్పాను.

నాన్న నా వైపు చూడకుండానే వంగి, బరువైనదాన్ని తనే ఎత్తాడు.

"బోల్టులు ఏ వరసలో బిగించాలో నీ పుస్తకంలో చూసి చదువమ్మా," అన్నాడు. "గట్టిగా చదువు."