జానెడు పైమన్ను

కోటబొమ్మాళి దగ్గర మన ఊరు,
ఫిబ్రవరి 1968

లీలారాణి అక్కా,

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు నా కోపం చదువు. నాన్న మన పల్లపు పొలం తవ్వించేస్తున్నాడు. కొత్త ప్రార్థనామందిరానికి ఇటుకలు కావాలట. మొన్న ఆదివారం పాటలయ్యాక లేచి నిలబడి, "నా దగ్గర ఇంకేటి నేదు. నా పొలంలో మన్ను తీసుకోండి" అనేశాడు. సంఘమంతా హల్లెలూయా అంది. నేను మాత్రం లేచి బయటికొచ్చేశాను.

వ్యవసాయశాఖ వాళ్ళు సంతలో పంచిన కరపత్రాలు మడతలు చిరిగేదాకా చదివాను. నేలకున్న ప్రాణమంతా పైన జానెడు మన్నులోనే ఉందట. ఆకు కుళ్ళి, వేరు కుళ్ళి, వానపాములు తిరిగి, ఎన్నో తరాలకి తయారవుతుందట. అది పోతే మిగిలేది బంక. అందులో నాటిన వరి జబ్బుపడ్డ పిల్లలా పసుపు పచ్చగా నిలబడుతుంది. ఇదంతా చెప్తే నాన్న నవ్వాడు.

"కింద ఉన్నది మన్ను కాదేటిరా? పైది తీస్తే కిందది పైకొస్తాది."

"కింద మాంసం ఉంది కదా అని తోలు ఒలిపించుకుంటావేటి నాన్నా?"

చెయ్యెత్తాడు. కొట్టలేదు. గొంతు తగ్గించి అన్నాడు: "మీ అమ్మ సవం పెట్టె మీద మన పాత గుడి తాటాకు కప్పులోంచి నీళ్ళు కారినాయిరా. పాస్టరుగారు పార్థన సేసినంతసేపూ కారినాయి. నువ్వు కళ్ళు మూసుకున్నావు. నాను సూసాను."

నాన్న బాధ నాకూ తెలుసు. కానీ అక్కా, అమ్మ నడుం వంచి నాట్లేసింది ఆ పొలంలోనే కదా. మన ఇంటి ఏడాది కూడు అదొక్కటే కదా. ఇటుకలు కోసే సూరయ్య మనుషులతో సోమవారం వస్తాడు. నేను అడ్డంగా పడుకుంటాను. ముందు నన్ను తవ్వమంటాను. నాన్న నీ మాటే వింటాడు, వెంటనే రాయి.

నీ తమ్ముడు,
సత్యరాజు

ఏప్రిల్ 1968

అక్కా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. "పోట్లాడకు, దారి వెతుకు" అని రాశావు. వెతికాను. పైమన్ను ముందు తీసి పక్కన పోసి, కింద బంకతో ఇటుకలు కోసుకుని, పైమన్ను మళ్ళీ పరిచేస్తే గుడీ లేస్తుంది, పొలమూ మిగులుతుంది అన్నాను. సూరయ్య పకపకా నవ్వాడు. "ఒరే అబ్రహాం కొడకా, దుప్పటి తీసి మంచం దులిపి మళ్ళీ కప్పుతావేటిరా! నీ దుప్పటి నువ్వే మోసుకో."

మోశాను. అరచేతులు పగిలి చీము పట్టేదాకా ఒక్కణ్ణే తవ్వి మోశాను. మళ్ళీ పరచడానికి దగ్గరగా ఉంటుందని పల్లపు గట్టు పక్కనే కుప్ప పోశాను. గట్టు అవతల కాలువ. కరపత్రంలో మన్ను గొప్పతనం ఉంది కానీ, తవ్విన మన్ను ఎక్కడ పోయాలో లేదు. నాకైనా తోచద్దా?

నిన్న మధ్యాహ్నం ఎవరూ అనుకోని వాన. గట్టు తెగింది. గోనెలు పరిచాను, ఒళ్ళు అడ్డం పెట్టాను. నల్లని నీళ్ళు నా కాళ్ళ సందుల్లోంచి కాలువలోకి పోయాయి. పొలంలో సూరయ్య మనుషులు కింది బంకతో కోసి ఆరబెట్టిన పచ్చి ఇటుకల వరసలు కరిగి ముద్దయ్యాయి. గుడీ లేదు, పొలమూ లేదు. నా మోత కోసం ఆగకుండా సూరయ్య అప్పుడే పైమన్నుతో సహా తీసి ఉంటే, ఈపాటికి ఇటుకలు కాలి కనీసం గోడలైనా లేచేవి. పోగొట్టింది నేను అక్కా, నేల కోసం చస్తానని అరిచిన నేను. నాన్న తడిసిన గోనెలు ఏరి గట్టు మీద ఆరేశాడు. తిట్టినా బాగుండేది. నాకు ఈ ఊళ్ళో బతకాలని లేదు.

సత్యరాజు

నౌపడ, మే 1968

అక్కా,

నా గురించి భయపడకు, బతికే ఉన్నాను. నౌపడ ఉప్పుమడుల్లో కూలికి చేరాను. పారిపోయి రాలేదు, చెప్పే వచ్చాను.

నీకు ఆ ఉత్తరం రాసిన మర్నాడు నాన్న నన్ను లేపి, పొలానికి తీసుకెళ్ళి, ఆ బోడి బంక మీద కూర్చోబెట్టాడు. "ఆ కాయితాల్లో ఇంకేటి రాసున్నాదో సదువు" అన్నాడు. వెక్కిరింపేమో అనుకున్నాను. కాదు. చదివాను. జనుము చల్లి, పూతకొచ్చాక దున్నేస్తే కుళ్ళి మన్నులో కలుస్తుందని, ఏటేటా అలా చేస్తే నేల తేరుకుంటుందని ఉంది.

"ఎన్నేళ్ళకిరా?"

"తెలీదు నాన్నా. నువ్వూ నేనూ చూడకపోవచ్చు."

నాన్న బంక ముద్ద తీసి వేళ్ళతో నలిపాడు. "అయితే ఈ ఏడు ఊడ్పు వద్దు. జనుమే సల్లుదాం. మరి కూడెలాగరా?"

"కూలికి నేను పోతాను" అన్నాను.

ఇక్కడ నా పని ఏమిటో తెలుసా? మడిలో నీళ్ళు ఇంకకుండా అడుగు మన్నుని వరసగా నిలబడి కాళ్ళతో తొక్కడం. గడ్డిపరక కూడా మొలవనంత గట్టిగా తొక్కాలి. ఉప్పునీళ్ళకి మడమలు పగిలి మండుతున్నాయి. అక్కడొక నేల ప్రాణం పోసుకోవడానికి ఇక్కడొక నేల ప్రాణం తొక్కుతున్నాను. మేస్త్రీ "గట్టిగా తొక్కరా!" అని అరిస్తే ఏడుపొస్తుంది. అయినా తొక్కుతున్నాను.

నీ తమ్ముడు,
సత్యరాజు