వెనక కమాన్ల మెత్తదనం

ఏలూరు, 1936 మే, ఆదివారం రాత్రి

ఎండిన కొల్లేటి అడుగున ఇవాళ లారీల పందెం. మలుపులో పట్టు జారకూడదని మా లారీ వెనక కమాన్లలోంచి రెండు పట్టీలు తీయించాను. బరువు మోసే ఆ ఉక్కు కమాన్లు మెత్తబడితే చక్రాలు నేలను వదలవు.

"పుస్తకాలు చదివి బండి నడుం విరగ్గొడుతున్నారండీ, అన్నయ్యగారూ!" అని తోడల్లుడు వెంకటరత్నం నలుగురిలో నవ్వాడు. తన బండికి రెండు పట్టీలు ఎక్కించుకున్నాడు. మాది బోల్తాపడితే అత్తవారింట నేనిక తలెత్తలేను.

మలుపులో అతని బండి వెనక చక్రాలు జారి, అడ్డం తిరిగి ఆగిపోయింది. మాది మాత్రం గూడకొంగ నీటి మీదికి వాలబోతూ ఒరిగినట్టు ఒరిగి, కలలోలాగా తిరిగింది.

పెళ్లినాటి నుంచి అతని ఎగతాళికి దాచుకున్న ఎదురుమాట అనేద్దామని అతని దగ్గరికి వెళ్లాను. అతను నన్ను చూడనే లేదు. మా బండినే చూస్తూ, "ఎంత బాగా ఒరిగిందండీ!" అన్నాడు.

ఆ మాట అననివ్వలేదు, దుర్మార్గుడు. ఇప్పుడు దాన్నేం చేసుకోను...