ఏడో ఎక్కం

కంది, జూన్ 9

ప్రియమైన నాన్నకు వందనాలు.

ఫోన్లో మనకు రెండో మాటకే గొడవవుతుంది, అందుకే ఉత్తరం. అమెరికా బడుల చరిత్ర మీద నా పరిశోధన సగమైంది. అమెరికా ఇంకా ఇంగ్లండు చేతిలో ఉన్న రోజుల్లో, 1647లో, యాభై ఇళ్లున్న ప్రతి ఊరూ ఒక పంతులును పెట్టుకోవాలని మసాచుసెట్స్‌లో చట్టం చేశారు. పిల్లలంతా బైబిలు చదవాలని. ఇది మీకు నచ్చుతుంది. కానీ బిడ్డలు పాపంతోనే పుడతారనీ, ఆ మొండితనాన్ని చిన్నప్పుడే విరిచేయాలనీ నమ్మి బెత్తంతో కొట్టేవారు. తర్వాత తర్వాత అక్కడే కొందరు, కొడితే భయం వస్తుంది గాని చదువు రాదన్నారు. చదువుతుంటే మీరే గుర్తొచ్చారు. కర్దనూర్ బడిలో ముప్పై ఏళ్లు కొట్టారు. ఎన్నడైనా చెయ్యి ఆగిందా?

మీ ఎల్సీ

కర్దనూర్, జూన్ 15

ప్రియమైన ఎల్సీకి, ప్రభువు కాపుదల నీకుండాలి.

ఆగలేదు. కూలికి పోవాల్సిన పిల్లలు నా దెబ్బలకే చదువుకున్నారు. మొన్న పటాన్‌చెరు బజార్లో, ఒకప్పుడు నా బళ్లో చదివిన కౌసల్య నా కాళ్లు మొక్కి, "మీరు కొట్టవట్టే గిట్లున్న సారూ" అన్నది. దానికేమంటావు? నిన్నూ కొట్టాను. నువ్వేం పాడయ్యావు?

నీ తండ్రి,
అహరోను

కంది, జూలై 2

ప్రియమైన నాన్నా,

ఆస్పత్రిలో మిమ్మల్ని చూసి వచ్చినప్పటి నుంచీ మీ మొహమే కళ్లముందుంది. చీలిన పెదవి, విరిగిన మూడు పక్కటెముకలు. బాత్రూంలో జారానంటారు. జారితే వీపు మీద రాడ్డు వాతలు తేలతాయా? పక్కింటి వెంకటలక్ష్మి నాకు చెప్పింది: "ఒక్క చెయ్యి పిలగాడు బిడ్డా. సారును వాకిట్లకు గుంజి కొట్టిండు. ఆపవోతే నన్నూ నూకిండు."

అతను మీ దగ్గర చదివిన యాదగిరి అని తెలిసి ఫిర్యాదు ఇచ్చాను. నిన్న పట్టుకున్నారు. స్టేషన్లో బాగా కొట్టారట. వినగానే సంతోషపడ్డాను, నాన్నా. బెత్తం తప్పని పేజీలకు పేజీలు రాస్తున్న నేనే. అతనెందుకు కొట్టాడో ఇకనైనా చెప్పండి.

ఎల్సీ

కర్దనూర్, జూలై 5

ప్రియమైన బిడ్డా,

నాలుగో తరగతిలో యాదగిరి ఏడో ఎక్కం తప్పు చెప్పాడు. చెంప మీద కొట్టాను. మళ్లీ తప్పాడు, మళ్లీ కొట్టాను. ఎడమ చెవిలోంచి రక్తం వచ్చింది. దూది పెట్టి కూర్చోమన్నాను. ఆ తర్వాత పిలిస్తే పలికేవాడు కాదు. పొగరనుకొని ఇంకా కొట్టాను. బడి మానేశాడు.

పోయినేడు కంపెనీలో ప్రెస్సు మిషన్ దగ్గర, "చెయ్యి తియ్!" అని ఎడమ పక్కనుంచి ఎవరో అరిచారట. వినబడలేదు. మోచెయ్యి దాకా నలిగిపోయింది.

ఆ రోజు రాడ్డు పట్టుకొని వచ్చి, "ఎక్కం ఒప్పజెప్త, ఇనుండ్రి సారూ" అన్నాడు. ఏడొకట్ల ఏడు. ఒక దెబ్బ. ఏడు రెళ్ల పద్నాలుగు. ఇంకో దెబ్బ. ఒక్కటీ తప్పలేదు. ఏడేళ్ల నలభై తొమ్మిది దగ్గర రాడ్డు పడేసి, మట్టిలో కూలబడి ఏడ్చాడు.

నిన్న ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాను. ఈరోజు స్టేషన్‌కు పోయి, ముందు నా మీద కేసు రాయమన్నాను. ఎస్సై నవ్వాడు. "గప్పటి ముచ్చట గిప్పుడెందుకు సారూ, ఇంటికి పోండ్రి." నేనే కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చి వచ్చాను.

యాదగిరిని కోర్టుకు పంపకుండా ఇంకా లోపలే ఉంచారు. కళ్లు వాచి మూసుకుపోయి ఉన్నాయి. కటకటాల దగ్గర నిలబడి క్షమించమన్నాను. తల తిప్పి, కుడి చెవి నా వైపు పెట్టాడు.

"ఏమన్నరు సారూ?"

మళ్లీ చెప్పాను. ఈసారి విన్నాడు.

రేపు పొద్దున బయలుదేరి రా. నీ ఫిర్యాదు నువ్వే వెనక్కి తీసుకోవాలట.

నాన్న